అయిదు పైసల స్టాంపు అప్పు పత్రం కాదు

ఇరుగు పొరుగు: పాఠకుల ప్రశ్నలకు కోవూరు టీచరమ్మ జవాబులు

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబిస్తూ, బంగ్లాదేశ్ పిల్లలకు మనమీద ఉన్న కోపాన్ని అర్థం చేసుకోవాలని నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎన్నడూ రాలేదు. సగానికి సగం కోపంతో రాసినవే. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే కూర్చున్నాను. ముప్పై మూడేళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. కాలువ చివర నాలుగెకరాల మాగాణి ఉన్నదాన్ని. ఈ రెండు అనుభవాలతోనే జవాబు చెబుతాను.

*

"టీచరమ్మగారూ, పదిహేడేళ్లు సైన్యంలో చేసి వచ్చినవాణ్ణి. మా పెదనాయన 1971లో తూర్పు సరిహద్దులో యుద్ధం చేశాడు. మనం విడిపించిన దేశంలోనే పిల్లకాయలు మన జెండాను నేలమీద గీసి తొక్కుతుంటే, మీరు వాళ్లను వెనకేసుకొస్తున్నారు. ఆ విశ్వాసం లేనితనానికి ఏమంటారు?"
(విశ్రాంత హవల్దారు, బుచ్చిరెడ్డిపాళెం)

అయ్యా, ముందు మీకూ మీ పెదనాయనగారికీ నా నమస్కారం. జెండా ఫొటో నేనూ చూశాను. 2024 నవంబరు చివర్లో అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాల్లో జరిగిన పని అది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆ వెంటనే డిసెంబరు 2న, మన అగర్తలాలో, జనం బంగ్లాదేశ్ అసిస్టెంట్ హైకమిషన్‌లోకి చొరబడి వాళ్ల జెండా దించేశారు. అది చాలా విచారకరమని మన విదేశాంగ శాఖే ప్రకటన ఇచ్చింది. మొదటిది చెప్పినవాళ్లు రెండోదీ చెప్పాలి. రెండు చోట్లా అవమానపడింది గుడ్డముక్క కాదు, దాన్ని చూసి లేచి నిలబడే జనం.

ఇక 1971 సంగతి, బంగ్లాదేశ్ ఇంకా తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పటిది. అప్పటికి నాకు పదకొండేళ్లు. మా నాయన ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టరు. ఆఫీసంటే మా ఇంటి వసారానే. ఆ ఏడు నవంబరు 15 నుంచి కవరు మీద మామూలు స్టాంపుతో పాటు మరో అయిదు పైసల స్టాంపు అంటించాలని ఉత్తర్వు వచ్చింది. మొదట్లో వచ్చినవి కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న పాత స్టాంపులే, వాటి మీద రెఫ్యూజీ రిలీఫ్ అని నల్లగా అచ్చు గుద్దారు. తర్వాత శరణార్థుల బొమ్మతోనే కొత్తవి వచ్చాయి. కొబ్బరి చిప్పలో తడిగుడ్డ పెట్టుకుని, స్టాంపు వెనక అద్ది, కవరు మూలన ఒత్తడం నా పని. మద్రాసులో కొడుక్కి ఉత్తరం రాయించుకోవడానికి వచ్చే అవ్వ ఒకామె ఉండేది. "ఎవరికి నాయనా ఈ అయిదు పైసలు?" అని అడిగింది. "కోటిమంది ఇల్లూ వాకిలీ వదిలి మన దేశంలోకి వచ్చి పడ్డారవ్వా, వాళ్ల గంజికి" అన్నాడు మా నాయన. ఆమె కొంగుముడి విప్పి, పైసలు లెక్కబెట్టి బల్లమీద పెట్టింది. వాళ్లు ఎప్పుడు తిరిగిస్తారని అడగలేదు.

ఆ అవ్వ ఇచ్చిన పైసలకు యాభై ఏళ్ల తర్వాత మనం వడ్డీ కట్టి అడుగుతున్నాం. నా మనసుకు కష్టంగా ఉండేది అదే. డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. 93 వేల మంది మన చేతికి చిక్కారు. మూడు నెలలు తిరక్కముందే, 1972 మార్చిలో, మన సైన్యం ఆ దేశం విడిచి వచ్చేసింది. గెలిచిన నేల మీద కూర్చోకుండా తిరిగొచ్చిన సైన్యం మనది. మీ పెదనాయనగారు చేసిన పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవించేది ఆ తిరుగు ప్రయాణాన్ని.

ఇప్పుడు ఢాకా వీధుల్లోకి వచ్చిన పిల్లలు 1971 తర్వాత ఎన్నో ఏళ్లకు పుట్టినవాళ్లు. వాళ్లకు తెలిసిన భారతదేశం సరిహద్దు కంచె, రాని తీస్తా నది నీళ్లు, 2009 నుంచి ఏకబిగిన పాలించిన షేక్ హసీనాకు అండగా నిలబడ్డ ప్రభుత్వం. 2024 జులైలో ఉద్యోగాల కోటా మీద మొదలైన విద్యార్థుల గొడవలో 1,400 మంది వరకూ చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తేల్చింది. ఆగస్టు 5న పదవి వదిలి పారిపోయిన హసీనా వచ్చి దిగింది మన గడ్డ మీదే. కొడుకును పోగొట్టుకున్న తల్లి అక్కడి నుంచి మనవైపు చూస్తే ఏమనుకుంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను గెంటేయడం మన పద్ధతి కాదు, నిజమే. అయినా ఆ తల్లి కోపాన్ని విశ్వాసం లేనితనం అని నేను అనలేను.

వాళ్లది తప్పే లేదని కూడా అనను. హసీనా వెళ్లిపోయాక హిందువుల ఇళ్లమీద, గుళ్లమీద దాడులు జరిగాయి. ఆ భయంలో బతుకుతున్న కుటుంబాల గురించి మన ప్రభుత్వం గట్టిగా అడగాల్సిందే, అడుగుతూనే ఉండాల్సిందే. 2025 ఫిబ్రవరిలో ఢాకా ధన్మండిలోని, హసీనా తండ్రి ముజిబుర్ రెహ్మాన్ ఇంటిని కూలగొట్టారు. తమ దేశపిత ఇంటినే పడగొట్టుకున్నారంటే, 1971 ఎవరి సొత్తన్న తగవు ముందు వాళ్లలో వాళ్లకే తెగలేదు. ఆ తగవు మధ్యలోకి మనం పద్దు పుస్తకం పట్టుకుపోతే మన మాట ఎవరికీ వినపడదు.

*

"అమ్మా, మా మండలంలో కండలేరు జలాశయం ఉంది. మాకే ఎడగారు పంటకు నీళ్లు చాలకపోయినా మద్రాసుకు ఇస్తా ఉండాం. తీస్తా నీళ్లు బంగ్లాదేశ్‌కు ఇచ్చేదానికి బెంగాలు వాళ్లకు ఏమి అడ్డం?"
(వరి రైతు, రాపూరు)

నాయనా, ఈ ఉత్తరం చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. నీళ్ల సంగతి నీళ్లు పారించుకునేవాడే అడగాలి.

ముందు అడ్డం ఏమిటో చెబుతాను. తీస్తా సిక్కింలో పుట్టి, ఉత్తర బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్‌లోకి దిగుతుంది. మనవైపు గజల్‌డోబా దగ్గర బ్యారేజీ, వాళ్లవైపు దాలియా దగ్గర బ్యారేజీ. 1983లో తాత్కాలికంగా మనకు 39 శాతం, వాళ్లకు 36 శాతం అనుకున్నారు. 2011 సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్లేనాటికి మనకు 42.5, వాళ్లకు 37.5 అని కాగితం సిద్ధమైంది. సంతకం పెట్టే ముందు బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఒప్పుకోలేదు. ఎండాకాలంలో తమ రైతులకే చాలవన్నారు. రాజ్యాంగం ప్రకారం నీరు రాష్ట్రాల జాబితాలోది. పక్క దేశంతో ఒప్పందం చేసే అధికారం కేంద్రానిది. ఈ రెంటి సందులో తీస్తా ఇరుక్కుపోయింది, ఇంకా బయటపడలేదు.

కండలేరు నుంచి నీళ్లు ఎందుకు కదిలాయి మరి? 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు మద్రాసుకు ఇస్తామన్నాయి. 1983లో అది పూర్తి ఒప్పందమైంది. నష్టాలు పోను 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దులో, ఊత్తుకోట్టై దగ్గర జీరో పాయింటులో కొలిచి అప్పగించాలి. కాలువ ఖర్చులో వాళ్ల వాటా వాళ్లు పెట్టుకున్నారు. 1996లో గాని మొదటి నీళ్లు అటు చేరలేదు. చాలా ఏళ్లలో 12 నిండలేదు కూడా. అయినా తగవు లెక్క దాటి పోలేదు, ఎందుకంటే ఎక్కడ కొలవాలో ముందే రాసుకున్నారు.

గంగ విషయంలో మనం అదే పని చేశాం. గంగ మీద మనవైపు కట్టిన ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలైంది. కలకత్తా రేవులో ఒండ్రు పేరుకోకుండా 38 కిలోమీటర్ల కాలువతో నీళ్లను హుగ్లీకి మళ్లించడం దాని పని. ఇరవై ఏళ్లు గొడవ పడ్డాక 1996 డిసెంబరు 12న దేవెగౌడ, హసీనా సంతకాలు చేశారు. జనవరి ఒకటి నుంచి మే ఆఖరు దాకా పది రోజులకొకసారి లెక్క. ఫరక్కా దగ్గర 70 వేల క్యూసెక్కులు గానీ, అంతకు తక్కువ గానీ ఉంటే చెరి సగం. ఆ పైన 75 వేల దాకా వాళ్లకు 35 వేలు. 75 వేలు దాటితే మనకు 40 వేలు, మిగిలింది వాళ్లకు. మన వంతుల పద్ధతి లాంటిదే. ఆ ఒప్పందం గడువు ముప్పై ఏళ్లు. అంటే 2026 డిసెంబరుతో నిండుతుంది. మన రెండు దేశాల మధ్య ఉన్న 54 నదుల్లో నీళ్ల పంపకానికి ముప్పై ఏళ్లు నిలిచిన కాగితం అదొక్కటే. దాన్ని తిరగరాయడం మీద ఉన్నంత ఆత్రం నాకు మరే వార్త మీదా లేదు.

ఇప్పుడు మాగాణి సంగతి. మాది కాలువ చివరి భూమి. వంతు రోజు రాత్రి మా ఆయన బ్యాటరీ లైటు పట్టుకుని తూము దగ్గర కూర్చునేవాడు, నేను ఫ్లాస్కులో కాఫీ తీసుకుని పోయేదాన్ని. నీళ్లు వచ్చేముందు ఎండుటాకులు వస్తాయి. ఆకుల వెనక నురుగు, నురుగు వెనక నీళ్లు. ఎన్నో రాత్రులు ఆకులు వచ్చి ఆగిపోయేవి. పైన ఎవరో ఇసుక మూటలు వేసుకున్నారని తెల్లారి తెలిసేది. వాళ్లకూ మడి ఎండిపోతోందని మాకు తెలుసు. మా ఆయన ఒకటే అనేవాడు, "వేసుకుంటే వేసుకోనీ, ఒక మాట చెప్పి పంపిస్తే ఇంట్లో పడుకునేవాణ్ణి కదా."

ఎక్కువైనప్పుడూ అంతే. 2021 నవంబరులో, పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న పొంగి మా కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. పైనుంచి ఎంత వస్తోందో, ఎన్ని గంటలకు వస్తుందో ఆ రాత్రి మా వీధికి చెప్పినవాళ్లు లేరు. బీరువా కింది అరలోని పెళ్లి పట్టుచీరల్లోకి బురద పోయింది. పెన్న మీది సోమశిల డ్యాము వాళ్లే కావాలని వదిలారని మా వీధిలో ఎంతమంది అన్నారో! నేనూ అన్నాను. చేతిలో లెక్క లేనప్పుడు కోపం ఎటు దొరికితే అటు పోతుంది.

2024 ఆగస్టులో బంగ్లాదేశ్ తూర్పు జిల్లాలు మునిగినప్పుడు, త్రిపురలో డుంబూర్ డ్యాము గేట్లు మనం ఎత్తేశామని అక్కడి జనం నమ్మారు. అది నిజం కాదని, డ్యాము కింది పరీవాహకంలో కురిసిన వానే ముంచిందని మన విదేశాంగ శాఖ చెప్పింది. ఆగస్టు 21న మధ్యాహ్నం మూడింటి దాకా నీటిమట్టం వివరాలు పంపామని, సాయంత్రం ఆరింటికి వరదల్లో కరెంటు పోయి సమాచారం ఆగిందని కూడా ఆ ప్రకటనలోనే ఉంది. మనం గేట్లు ఎత్తలేదన్న మాట నేను నమ్ముతాను. కానీ ఆ రాత్రి కరెంటు పోయిన సంగతి దిగువన ఉన్న మనిషికి ఏం తెలుసు? పడుగుపాడులో నిలబడి చూసినదాన్ని గనక అడుగుతున్నాను.

పెన్న మనకు కర్ణాటకలో నంది కొండల నుంచి వస్తుంది. నెల్లూరు జిల్లా మొత్తం తోక భూమే. బంగ్లాదేశ్ రైతు ఏమంటున్నాడో ఈ దేశంలో ఇంకెవరికి అర్థం కాకపోయినా మనకు అర్థం కావాలి.

*

"మేడమ్, మా నాయన మిర్చి వేస్తాడు. బంగ్లాదేశ్ గొడవ వచ్చినప్పుడల్లా రేటు పడిపోయిందని గుంటూరు నుంచి దిగాలుగా వస్తాడు. మిర్చికీ రాజకీయాలకీ ఏంటి సంబంధం?"
(డిగ్రీ విద్యార్థి, దర్శి)

బాబూ, మన ఎండు మిర్చి కొనే పెద్ద దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. 2020లో కరోనా వల్ల లారీలు సరిహద్దులో ఆగిపోతే, జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ప్రత్యేక పార్శిల్ రైలు నడిపారు. అలా పార్శిల్ రైలు దేశం దాటడం అదే మొదలు. 384 టన్నుల మిర్చి వెళ్లింది. లారీకి టన్నుకు ఏడు వేలయ్యే చోట రైలుకు 4,608 రూపాయలయింది. మనసు పెడితే దారి ఎలా దొరుకుతుందో చెప్పడానికి ఈ రైలును క్లాసులో చాలాసార్లు వాడుకున్నాను.

మనసు విరిగితే ఏమవుతుందో 2025లో చూశాం. ఏప్రిల్‌లో, మన రేవుల మీదుగా వాళ్లు వేరే దేశాలకు సరుకు పంపుకునే సదుపాయం మనం తీసేశాం. వాళ్లు మన నూలు భూమార్గంలో రాకుండా ఆపారు. మే 17న మనం వాళ్ల రెడీమేడ్ దుస్తులు భూమార్గంలో రాకూడదన్నాం. ఒక్కో ఉత్తర్వు వెనక ఎవరి కారణం వాళ్లకుంది. కానీ లారీ బయల్దేరాక వచ్చే ఉత్తర్వు వల్ల నష్టపోయేది డ్రైవరూ, రైతూ. 2019 సెప్టెంబరులో మనం ఉన్నపళంగా ఉల్లి ఎగుమతి ఆపితే, హసీనా ఢిల్లీకి వచ్చినప్పుడు ముందు చెప్పి ఉంటే బాగుండేదని, కూరల్లో ఉల్లి వేయొద్దని తన వంటమనిషికి చెప్పానని సభలోనే అన్నారు. ఆవిడ మన స్నేహితురాలు కాబట్టి అంత మెత్తగా అన్నారు.

కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉంచాలా, అమ్మాలా అన్నది నాకన్నా మీ నాయనకే బాగా తెలుసు. ఒక్క దేశం కొనుగోలు మీదే ఆశ పెట్టుకోవద్దని మాత్రం చెప్పు.

*

"బెంగాలోళ్ల గొడవ మన నెల్లూరుకెందుకు?"
(పేరు రాయలేదు, కావలి)

1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేసినప్పుడు ఇలా అనుకుని ఉంటే మన దగ్గర వందేమాతరం ఉద్యమమే లేదు. 1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో ఊరూరా మాట్లాడుతుంటే మన విద్యార్థులు చదువులు పోగొట్టుకోవడానికి కూడా సిద్ధపడ్డారు. రవీంద్రనాథ్ ఠాగూర్ పాటలు రెండు దేశాలకూ జాతీయ గీతాలయ్యాయి. జనగణమనకు ఆయన ఇంగ్లీషు అనువాదం రాసుకున్నది 1919లో మన మదనపల్లెలో. సంబంధం లేదని ఎలా అనమంటారు?

*

"అక్కా, మా తమ్ముడు పారాదీప్ బోట్ల మీద వేటకు పోతాడు. సముద్రంలో గీత ఉండదు కదా, పొరపాటున దాటితే ఏం చేస్తారు? ఇంట్లో అమ్మ నిద్రపోవడంలేదు."
(కొత్తపట్నం)

అమ్మా, గీత కంటికి కనపడదు గానీ ఉంది. బంగాళాఖాతంలో ఇద్దరూ మాదంటే మాదన్న 25,602 చదరపు కిలోమీటర్ల సముద్రం మీద హేగ్‌లోని మధ్యవర్తుల సభ 2014 జులై 7న తీర్పు చెప్పింది. అందులో 19,467 వాళ్లకు పోయింది. మనం ఒప్పుకున్నాం. పెద్ద దేశమై ఉండీ తీర్పుకు తలవంచడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

దాటితే పట్టుకుంటారు, బోటు జప్తు చేస్తారు, జైల్లో పెడతారు. రెండువైపులా ఇదే. అయితే ఎంత మాటల్లేని రోజుల్లోనూ వదిలిపెట్టడం ఆగలేదు. 2025 జనవరి 5న మనవాళ్లు 95 మందినీ వాళ్ల మనుషులు 90 మందినీ సముద్రంలోనే ఎదురెదురుగా అప్పగించుకున్నారు. ఇంకొకటి చెబుతాను, మీ అమ్మకూ చెప్పు. మనకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. వాళ్లకు మే 20 నుంచి జులై 23 దాకా ఉండేది. వాళ్లు వలలు మడిచి కూర్చున్న రోజుల్లో మన బోట్లు వెళ్లి తమ చేపలు పట్టుకుపోతున్నాయని అక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2025లో, రెండు ప్రభుత్వాల మధ్య మాటలు చేదుగా ఉన్నప్పుడే, బంగ్లాదేశ్ తన నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11కి మార్చుకుంది. ఇప్పుడు చేప గుడ్లు పెట్టే కాలంలో రెండు ఒడ్లా బోట్లు కట్టేసే ఉంటాయి. ఇది పేపర్లలో ఒక మూలన వచ్చింది. నేను కత్తిరించి దాచుకున్నాను.

తమ్ముడి బోటులో జీపీఎస్ పనిచేస్తోందో లేదో, గుర్తింపు కార్డు ఒంటిమీద ఉందో లేదో ప్రతి వేటకూ ముందు ఫోన్ చేసి అడగండి. కార్డు జిరాక్సు ఇంట్లో ఒకటి ఉంచుకోండి.

*

"టీచర్, ఒక దేశం లోపల ఇంకో దేశం ముక్కలు ఉండేవని మా సార్ చెప్పారు. అక్కడి పిల్లలు ఏ స్కూలుకు పోయేవాళ్లు?"
(ఎనిమిదో తరగతి, గూడూరు)

బంగారు తల్లీ, మంచి ప్రశ్న. వాటిని ఛిట్‌మహల్ అంటారు. బంగ్లాదేశ్ నేల మధ్యలో మన ముక్కలు 111, మన నేల మధ్యలో వాళ్ల ముక్కలు 51. దహలా ఖాగ్రాబాడీ అని ఒకటి ఉండేది. బంగ్లాదేశ్ లోపల మన ముక్క, దాని లోపల వాళ్ల ముక్క, దాని లోపల మళ్లీ మనది. అంతా కలిపి ఎకరా డెబ్బై సెంట్లు. మన నెల్లూరు లెక్కలో రెండు వేల అంకణాల చిల్లర, ఒక జొన్న చేను అంత. నోటుబుక్కులో ఒకదానిలో ఒకటి నాలుగు గళ్లు గీసి చూడు, తెలుస్తుంది.

స్కూలు అడిగావు కదా. ఆ ముక్కల్లో ప్రభుత్వ బడి లేదు, ఆసుపత్రి లేదు, కరెంటు లేదు. బడిలో చేరాలంటే చుట్టూ ఉన్న దేశంలో ఎవరినో తండ్రిగా చూపించి, దొంగ చిరునామా రాయించాల్సి వచ్చేది. సొంత నాయన పేరు రాసుకోలేని హాజరు పట్టీ ఎలా ఉంటుందో, ఇన్నేళ్లు హాజరు వేసిన నాకు ఊహించుకోవడమే కష్టంగా ఉంది.

1974లో ఇందిరా గాంధీ, ముజిబుర్ రెహ్మాన్ వీటిని మార్చుకుందామని సంతకాలు చేశారు. మరుసటి ఏడు ముజిబ్‌ను చంపేశారు. మన పార్లమెంటు రాజ్యాంగాన్ని వందోసారి సవరించి దానికి ఒప్పుకోవడానికి 2015 మే దాకా పట్టింది. ఉభయ సభల్లోనూ ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. మనం ఇచ్చింది 17 వేల ఎకరాల పైన, మనకు వచ్చింది 7 వేల చిల్లర. దాదాపు యాభై వేల మందికి ఏ దేశం వాళ్లో తేలింది. ఎటు ఉండాలో వాళ్లనే ఎంచుకోమన్నారు.

2015 జులై 31 అర్ధరాత్రి పన్నెండింటికి అది అమల్లోకి వచ్చింది. దేశం విడిపోయి అప్పటికి 68 ఏళ్లు. ఆ ఊళ్లలో జనం ఏడాదికొకటి చొప్పున 68 కొవ్వొత్తులు వెలిగించి, తెల్లారేదాకా మేలుకుని ఉన్నారు.